తలకు దెబ్బ తగిలిన బిడ్డను ఆ రోజు మళ్లీ ఆటలోకి దింపకండి

గత వారం పాఠశాలల మధ్య జరిగిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరిన ఇద్దరు పిల్లల తలలు ఢీకొన్నాయి. వారిలో ఒకడు కాసేపు కూర్చుని, ముఖం కడుక్కుని, ‘బాగానే ఉన్నాను సార్’ అనడంతో, ఆ మాట మీదనే అతణ్ణి తిరిగి మైదానంలోకి పంపారు. గీత దగ్గర అతడు ఊడిన బూటు లేసును రెండుసార్లు ముడి వేయబోయి, రెండుసార్లూ కుదరక అలాగే పరుగెత్తడం నేను చూశాను. పది నిమిషాలకు వాంతి చేసుకున్నాడు. అప్పుడు గానీ బయటికి తీసుకురాలేదు. అదృష్టం బాగుండి కోలుకుంటున్నాడు.

పిల్లల ఆటల్లో భద్రత కోసం నీళ్లు తాగించడం, ప్యాడ్లు కట్టించడం కోచ్‌లందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. పిల్లల జీవితాలను తారుమారు చేయగల తప్పు ఒకటుంది: తలకు దెబ్బ తగిలిన బిడ్డను అదే రోజు మళ్లీ ఆడించడం. ‘స్పృహ తప్పలేదు కదా’ అన్న ధీమాయే దీనికి మూలం. మెదడు అదిరినప్పుడు, అంటే కంకషన్ అయినప్పుడు, సుమారు 10 మందిలో 9 మందికి స్పృహ తప్పనే తప్పదు. తలనొప్పి, మగత, మసక చూపు, అడిగిందే మళ్లీ అడగడం వంటి లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినంత మాత్రాన కంకషన్ లేదని కాదు. స్కాన్ చూపేది ప్రధానంగా రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని. మెదడు కుదుటపడక ముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు వాచి ప్రాణం పోవచ్చు. ‘ఆడగలవా?’ అని బిడ్డనే అడగకండి. జవాబు చెప్పాల్సింది ఆ దెబ్బతిన్న మెదడే.

మొదటి 24 నుంచి 48 గంటలు తేలికపాటి నడక తప్ప మరేమీ వద్దు. ఆ తరువాత ముందు చదువు, పిదప ఒంటరి పరుగు, ఆపైన జట్టుతో సాధన, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. ఒకరినొకరు తాకే ఆటకు డాక్టర్ అనుమతి తప్పనిసరి.

మరికొన్ని జాగ్రత్తలు: దెబ్బ తగిలిన బిడ్డ మెడ నొప్పి పెడుతోందంటే కదిలించకండి, హెల్మెట్ తీయకండి. ఎండలో కూలిపోయి తికమకగా మాట్లాడితే వెంటనే చల్లటి నీటిలో ముంచండి, తరువాతే ఆసుపత్రికి తరలించండి. కదిలే గోల్‌పోస్టును నేలకు బిగించకుండా ఎవరినీ దాని దగ్గరికి రానీయకండి. అది మీద పడి పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. ఎదిగే పిల్లల్లో ఎముక చివర నొప్పిని బెణుకని తోసిపుచ్చకండి, అక్కడి మృదులాస్థి (ఎముక పెరిగే మెత్తటి భాగం) పక్కనున్న స్నాయువు (ఎముకలను కలిపే పట్టీ) కన్నా బలహీనం, కనుక ముందు దెబ్బతినేది అదే కావచ్చు. నొప్పి మాత్ర వేసి ఆడించకండి. వారంలో సాధన గంటలు బిడ్డ వయసు అంకెను దాటనీయకండి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట ఆపించండి, ఇంటికి ఒంటరిగా పంపకండి, తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇవ్వండి. అది ఫైనల్ అయినా సరే, బూట్లు విప్పించి మీ దగ్గర పెట్టుకోండి.