ర్యాంప్ మీద కెమెరా: ఎక్కడ నిలబడాలి, ఏది ఎప్పుడు తీయాలి

ర్యాంప్ అంటే విమానాలు ఆగి సామాన్లు, ఇంధనం ఎక్కించుకునే చోటు. ఏ320 లాంటి విమానం అక్కడ తన స్టాండ్‌లో ఆగిన దగ్గర్నుంచి వెనక్కి నెట్టేదాకా గట్టిగా 30 నుంచి 45 నిమిషాలు. ఆ కాసేపట్లో చోక్స్ (చక్రాలకి అడ్డం వేసే దిమ్మలు) పెట్టేవాళ్ళు, లోడర్లు, ఇంధనం నింపేవాళ్ళు, కేటరింగ్ వాళ్ళు దాదాపు ఒకే వరసలో వచ్చి పని చేసుకుపోతారు. ఆ వరస తెలిస్తే మామూలు లెన్సు చాలు. తెలియకపోతే ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా అయిపోయిన పని వెనకాల పరుగే.

ముందు కాగితాలు. మన దేశంలో విమానాల వైపు అడుగుపెట్టడానికి ఎంట్రీ పాస్ వేరు, కెమెరాకి అనుమతి వేరు. విమానాశ్రయ నిర్వాహకుల నుంచీ విమాన సంస్థ నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి. కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లు అర్జీలోనే రాసిస్తే గేటు దగ్గర తనిఖీ తొందరగా అవుతుంది. విశాఖపట్నం విమానాశ్రయం ఉన్నది నౌకాదళ స్థావరంలో. అక్కడ ఈ పని ఊహించుకోవద్దు. చేతికి అలవాటు చేసుకోవడానికి హైదరాబాద్ బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన మంచి చోటు. 2024లో ఎయిర్ ఇండియా ఏ350ని, బోయింగ్ 777-9ని అక్కడ దగ్గర్నుంచి చూసే వీలు దొరికింది.

రెండు కెమెరాలు పట్టుకెళ్ళండి: ఒకదానికి 24-70 ఎంఎం లెన్సు, ఇంకోదానికి 70-200. ర్యాంప్ మీద లెన్సు మార్చొద్దు. దుమ్ము సంగతి తర్వాత, జారిపడిన లెన్సు మూత ఇంజన్‌లోకి పోతే నష్టం ఎవరూ కట్టలేరు. మూతలు, టోపీ గదిలోనే వదిలేయండి, బెల్టు కొసలు టేపుతో అంటించండి. చెవి ప్లగ్గులు పెట్టుకున్నాక ఎవరి మాటా వినపడదు కాబట్టి, వెంట వచ్చే ఎస్కార్ట్‌తో రెండు గుర్తులు ముందే అనుకోండి: భుజం మీద ఒకసారి తడితే ఆగు, రెండుసార్లు తడితే వెనక్కి రా.

విమానం వచ్చేటప్పుడు ఎర్ర భద్రతా గీత బయటే ఉండాలి. విమానం వీపు మీదా పొట్ట కిందా మెరిసే ఎర్ర బీకన్ లైటు వెలుగుతోందంటే ఇంజన్లు తిరుగుతున్నట్టు, లేదా తిరగబోతున్నట్టు. అది ఆరాలి, చోక్స్ పడాలి, గ్రౌండ్ స్టాఫ్ రమ్మనాలి; ఆ తర్వాతే కదలండి. బీకన్ ఆరినా ఫ్యాన్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో ఉన్న తెల్ల సుడి గుర్తు చూస్తే తెలిసిపోతుంది. చేతి సైగలతో విమానానికి దారి చూపే మార్షలర్‌కీ విమానానికీ మధ్యలో ఎప్పుడూ నిలబడొద్దు. ఇంకోటి చాలామందికి తట్టదు: ఎవరినో పక్కకి జరగమని మీరు చెయ్యి పైకెత్తి ఊపితే పైలట్ దాన్ని సిగ్నల్ అనుకోవచ్చు. చేతులు కెమెరా మీదే ఉంచండి. కంటికి కెమెరా పెట్టుకుని వెనక్కి నడవొద్దు, బ్యాగేజీ ట్రాక్టర్లు ఆగి దారివ్వవు.

ఫ్లాష్ మొత్తానికే వద్దు. పైలట్‌కి కళ్ళు చెదురుతాయి. పైగా ఇంధనం నింపేటప్పుడు రెక్క చివర్ల వైపు ఉండే వెంట్ల (గాలి పోయే రంధ్రాల) నుంచి ఆవిరి బయటికొస్తుంది. నింపే చోటికీ వెంట్లకీ 3 మీటర్ల లోపు ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వాడకూడదని మామూలు నియమం. ఫ్లాష్ వాడకపోయినా దానికి రెట్టింపు దూరంలో ఉంటే ఎవరితోనూ మాట పడక్కర్లేదు.

తెల్లటి విమానం ఫ్రేము నిండా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోయి బూడిద రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 దాకా పెంచండి. పసుప్పచ్చ జాకెట్ దగ్గర్లో ఉంటే మాత్రం పెంచకుండా రంగుల హిస్టోగ్రామ్ చూడండి. ముందు రంగు పోయి తెల్లగా అయిపోయేది జాకెట్టే. పోలరైజర్ ఫిల్టర్ తీసేయండి, యాక్రిలిక్ కిటికీల మీద ఇంద్రధనుస్సు చారలు తేలతాయి. పొద్దున తొమ్మిది దాటితే కాంక్రీటు నుంచి వేడి లేస్తుంది. ఆ సెగలోంచి 400 ఎంఎంతో దూరపు విమానం తీస్తే అక్షరాలు నీళ్ళలో ఉన్నట్టు వస్తాయి, ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. తోక దగ్గర ఏపీయూ (నేల మీద ఉన్నప్పుడు కరెంటిచ్చే చిన్న ఇంజన్) సెగ కూడా అంతే. లెన్సు మార్చడం కాదు, దగ్గరికి రావడమే మందు.

ప్రొపెల్లర్లతో ఎగిరే ఏటీఆర్ 72 లెక్క వేరు. దాని ప్రొపెల్లర్‌కి ఆరు రెక్కలు, మధ్య 60 డిగ్రీల ఎడం. పూర్తి వేగంలో నిమిషానికి 1200 చుట్లు, అంటే సెకనుకి 20. 1/125 షట్టర్‌లో ఒక రెక్క దాదాపు 58 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చక్రం నిండుగా కనిపిస్తుంది. 1/1000లో తీస్తే ఇంజన్ ఆగిపోయినట్టే ఉంటుంది. ర్యాంప్ మీద వేగం తక్కువ గనక 1/60కి దిగండి. ఏటీఆర్‌కి ఏపీయూ ఉండదు. ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి కుడి ఇంజన్ నడుపుతూ కరెంటు తీసుకోవడం ఉంది. రెక్కలు కదలట్లేదని కుడి పక్క ఇంజన్ వెనక్కి పోవద్దు. సామాన్ల తలుపు ముందు ఎడమ వైపు, ప్రయాణికుల మెట్లు వెనక ఎడమ వైపు. మీ ఫొటోలన్నీ ఎడమ పక్కే.

రాత్రి ఫ్లడ్ లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టకపోతే ఒక ఫ్రేము పచ్చగా, ఇంకోటి చీకటిగా రావచ్చు, లేదా అడ్డ చారలు పడతాయి.

అన్నిట్లోకీ దక్కించుకోవాల్సింది పుష్‌బ్యాక్ (విమానాన్ని వెనక్కి నెట్టడం) చివరి క్షణం. నెట్టే బండిని విమానానికి కలిపే టో బార్ విప్పాక, కాక్‌పిట్‌తో మాట్లాడే హెడ్‌సెట్ మనిషి ముక్కు చక్రం దగ్గర్నుంచి బైపాస్ పిన్ను (నెట్టేటప్పుడు ఆ చక్రం స్టీరింగ్‌ని ఆపి ఉంచేది) లాగి, పక్కకి నడిచి, ఎర్ర రిబ్బను వేలాడే ఆ పిన్నుని కాక్‌పిట్‌కి ఎత్తి చూపిస్తాడు. ఉండేది రెండు మూడు సెకన్లే. అందుకే తలుపులు మూయకముందే ఆయన్ని రెండు అడగండి: ముక్కు ఎటు తిరుగుతుంది, మీరు ఏ పక్కకి వస్తారు? దాన్నిబట్టి 70-200తో సిద్ధంగా ఉండండి. పగలైతే 1/500, ఎఫ్/5.6, ఫోకస్ విమానం మీద కాదు, పిన్ను పట్టిన చేతి మీద.

బయటికి పంపేముందు పాస్‌ల మీది పేర్లు, నంబర్లు, బ్యాగు ట్యాగులు చెరిపేయండి. వెనక భద్రతా సిబ్బంది, తనిఖీ గేటు కనిపిస్తే ఆ ఫ్రేము పక్కన పెట్టేయండి.