కాలం గడుస్తుందా లేదా అని వాదించే ముందు ఈ బొమ్మ గీయండి

"కాలం గడవడమనేది ఒట్టి భ్రమ, సాపేక్ష సిద్ధాంతం ఎప్పుడో తేల్చేసింది" అని ఎవరైనా అంటే నేను వెంటనే గ్రాఫ్ పేపర్ తీస్తాను. బొమ్మ లేకుండా మాట్లాడితే ఈ వాదన ఎటూ తేలదు.

పేపర్ మధ్యలో చుక్క పెట్టండి. అది మీ "ఇక్కడ, ఇప్పుడు". నిలువుగా కాలం (పైకి వెళ్లేకొద్దీ భవిష్యత్తు), అడ్డంగా దూరం. నిలువు గడి ఒక సంవత్సరం, అడ్డం గడి ఒక కాంతి సంవత్సరం, అంటే కాంతి ఏడాదిలో వెళ్లే దూరం. అప్పుడు కాంతి సరిగ్గా 45 డిగ్రీల వాలులో వెళ్తుంది. చుక్క మీదుగా అలాంటి గీతలు రెండు, ఇంటూ గుర్తులా గీయండి. కాంతిని మించిన వేగం దేనికీ లేదు కాబట్టి, కింది భాగంలోవి మీ దాకా రాగలిగిన సంఘటనలు, పై భాగంలోవి మీరు ప్రభావం చూపగలిగినవి. పక్క భాగాలతో ఈ క్షణాన మీకు ఏ సంబంధమూ లేదు. పేచీ అంతా ఆ పక్క భాగాల్లోనే.

చుక్క మీదుగా ఒక అడ్డగీత గీయండి. మీరు కదలకుండా ఉంటే అదే మీ "ఇప్పుడు". కాంతి వేగంలో సగంతో కుడివైపు వెళ్తూ మిమ్మల్ని దాటే మనిషికి ఆ గీత వాలుతుంది: కుడికి రెండు గడులు, పైకి ఒకటి. మీ లెక్కలో ఇంకా జరగనిది అతని "ఇప్పుడు"లో ఉంది! అంత వేగం కూడా అక్కర్లేదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ వైపు గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిచినా, అక్కడి "ఇప్పుడు" సుమారు 4 రోజులు మారుతుంది.

1966లో రీట్‌డైక్, 1967లో తత్వవేత్త హిలరీ పట్నం దీన్ని పట్టుకునే భవిష్యత్తు ముందే ఖాయమైపోయి ఉందని వాదించారు. ఇక్కడ తొందరపడకండి. మీకు ఇంకా జరగకుండా అతని "ఇప్పుడు"లో ఉన్న ఆ సంఘటన ఏ భాగంలో ఉందో చూడండి. పక్క భాగంలో! పై భాగంలోని ఏ చుక్కనైనా తీసుకోండి, గీతను 45 డిగ్రీల లోపు ఎంత వాల్చినా అది మీకు "తర్వాత"గానే ఉంటుంది. పోయింది విశ్వమంతటికీ ఒకటే అనుకున్న "ఇప్పుడు" మాత్రమే. ముందూ వెనకా ఎక్కడికీ పోలేదు.

తత్వవేత్త హోవర్డ్ స్టైన్ 1968లో వాళ్లకు ఇచ్చిన జవాబు దీని మీదే నిలబడింది, నాకు అదే సబబు అనిపిస్తుంది. "జరిగిపోయింది" అన్న మాటను విశ్వానికి కాక ఒక్కో చుక్కకు వాడాలి: ఆ చుక్క కింది భాగంలో ఉన్నదే దానికి జరిగిపోయింది.

చివరగా, మొదటి చుక్కకు నేరుగా పైన ఇంకో చుక్క పెట్టి దాని కింది భాగం కూడా గీయండి. మొదటిదాని కింది భాగమంతా అందులో ఇమిడిపోయి, పైగా కొత్త గడులు చేరతాయి. ఆ చుక్క దగ్గర ఎవరు ఎంత వేగంతో పోతున్నా ఆ హద్దు మారదు. జరిగిపోయింది ఇలా పెరుగుతూ పోవడమే కాలం గడవడం.