పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి గేములు ఆడాలంటే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌ని పక్కన పడేయక్కర్లేదు, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసి, గేములు కొని ఆడుకునే స్టీమ్ యాప్‌లో గేములు ఆడుకోవచ్చు. కాకపోతే ర్యామ్‌లాంటి విడిభాగాల కోసం చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి బయల్దేరే ముందే ప్రాసెసర్ ఏ జనరేషనో చూసుకోండి.

ఐ5-6200యు అని ఉంటే గీత తర్వాతి 6 ఆరో జనరేషన్‌ని చెబుతుంది. విండోస్ గేములు బొమ్మలు గీయడానికి డైరెక్ట్‌ఎక్స్‌ని వాడతాయి. స్టీమ్‌తో వచ్చే ప్రోటాన్ అనే టూల్ ఆ పనిని, లినక్స్‌లో అదే పని చేసే వల్కన్‌లోకి మార్చి నడిపిస్తుంది. ఇప్పటి ప్రోటాన్‌కి వల్కన్ 1.3 కావాలి. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌తో నాలుగో జనరేషన్, అంతకన్నా పాతవైతే ఎంత ర్యామ్ వేసినా చాలా గేములు తెరుచుకోవు. అలాంటి మెషీన్ మీద గేముల కోసం ఖర్చు పెట్టకండి, చదువుకీ సినిమాలకీ బాగానే పనికొస్తుంది.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) రాయండి. ఆన్ చేసేటప్పుడు డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, సౌండ్, స్లీప్ పరీక్షించండి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ చాలాసార్లు మొరాయిస్తుంది. అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ నుంచి డ్రైవర్ వేసుకోవాలి.

ఇక ర్యామ్. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్‌లుంటే డేటా రెండు దారుల్లో ఒకేసారి వస్తుంది, అందుకే ఒక్క 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీ స్టిక్‌లతో గేములు బాగా నడుస్తాయి. కుదిరితే 8+8 వేయండి. ఆరో జనరేషన్‌లో కొన్నిటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్, కొన్నిటికి 1.2 వోల్టుల డీడీఆర్4 ఉంటుంది. ఒకదాని గాడి ఇంకోదానికి కుదరదు. తమిళం రాకపోయినా పరవాలేదు, పాత స్టిక్ తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి. హార్డ్‌డిస్క్ ఉన్న చోటికి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది. చిన్న కార్డులా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ కొనేటట్టయితే మీ స్లాట్ సాటాదో ఎన్‌వీఎంఈదో ముందు తేల్చుకోండి.

ల్యాప్‌టాప్ అడుగు మూత ఎలాగూ తెరుస్తారు కాబట్టి, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ కూడా మార్చేయండి. ఎండిన పేస్ట్‌తో చెన్నై ఎండల్లో ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, గేము మొదట బాగా నడిచి కాసేపటికి తడబడుతుంది. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని ఉంటుంది. బిగించేటప్పుడు ఆ వరసలోనే, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి, లేకపోతే ఒక మూల నొక్కుకుని చిప్ అంచు విరగొచ్చు. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిప్ మొత్తం కప్పేలా పల్చగా రాయండి. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము ఊదండి.

స్టీమ్ వేశాక సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ చూడండి, అన్ని గేములకీ ప్రోటాన్ వాడే ఆప్షన్ కనిపిస్తే ఆన్ చేయండి. గేములను విండోస్ వాడే పాత ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్‌లో పెట్టకండి. ప్రోటాన్ అక్కడ ‘సి:’ అనే పేరుతో లింకు సృష్టిస్తుంది, పేరులో ‘:’ గుర్తు విండోస్‌కి పడదు. లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4లో ఉన్న పార్టిషన్‌లోనే పెట్టండి. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్ల (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాముల) తయారీకి కొంతసేపు పడుతుంది, మధ్యలో ఆపేయకండి. వాలరెంట్ మాత్రం లినక్స్‌లో నడవదు, మోసాన్ని పట్టుకునే దాని యాంటీ-చీట్ ప్రోగ్రామ్ విండోస్‌కే పరిమితం. మీ ఇంట్లో అదే ప్రాణమైతే విండోస్ పార్టిషన్ చెరపకండి.