అమెరికాలో పోకెమాన్ కార్డుల పోటీకి తొలిసారి వెళ్ళేవారికి

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలలో ఈ ఆట సాధారణంగా బడి నుంచి ఇంటికి వస్తుంది. బడిలో చేరిన రెండు మూడు వారాలకే పిల్లవాడు తోటివారి చేతుల్లో కార్డుల ఆల్బమ్ చూసి, తనకూ అలాంటిదే కావాలంటాడు. చదువుకోవడానికి ఒంటరిగా వచ్చిన విద్యార్థులైతే తరగతిలో పరిచయమైన వారి వెంట శుక్రవారం సాయంత్రం ఏదో ఒక కార్డుల దుకాణానికి వెళ్ళి, పొడవాటి బల్లల దగ్గర ముప్పై మంది నిశ్శబ్దంగా ఆడుతుండడం చూసి, ఎవరిని ఏమి అడగాలో తెలియక తిరిగి వచ్చేస్తారు. నేను డల్లాస్ పరిసరాలలో ఆరేళ్ళుగా మా అబ్బాయితో కలిసి ఈ పోటీలకు వెళుతున్నాను. తొలినాళ్ళలో మాకు ఎవరూ చెప్పని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. వాటిలో ముఖ్యమైనది ఒకటే: మొదటి ఏడాది గెలిపించే డెక్ (ఆడడానికి కూర్చుకున్న కార్డుల కట్ట) కోసం వెతకకుండా, మీకు అర్థమైన డెక్‌ను, ఇచ్చిన సమయంలోపల తొట్రుపాటు లేకుండా ఆడగలిగే డెక్‌ను ఎంచుకుని, దానినే కొన్ని నెలలపాటు ఆడండి.

ముందుగా ఇంట్లో పెద్దవాళ్ళకు ఒక మాట చెప్పవలసి ఉంటుంది. మన వైపు కార్డులంటే పేకాట, పేకాటంటే డబ్బు పోగొట్టుకోవడం. మా అత్తగారు ఫోనులో ఈ మాట వినగానే నిజంగానే కంగారు పడ్డారు. ఈ పోటీలలో పందెం కాయడాన్ని నియమాలే నిషేధిస్తాయి. ప్రవేశ రుసుము కట్టి, చదరంగం పోటీలో లాగానే వరుసగా రౌండ్లు ఆడతారు. చదరంగం పోటీలకు వెళ్ళిన అనుభవం ఉన్నవారికి ఇక్కడి స్విస్ పద్ధతి కొత్త కాదు: ఓడినంత మాత్రాన ఇంటికి పంపరు, ప్రతి రౌండులోనూ ఇంచుమించు మీతో సమానమైన పాయింట్లు ఉన్నవారితోనే జత కలుపుతారు. గెలుపుకు మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓటమికి సున్నా. పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఆటగాళ్ళను జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని మూడు విభాగాలు చేస్తారు గనుక తండ్రీ కొడుకులు ఒకే రోజు, ఒకే హాలులో, వేర్వేరు పోటీలు ఆడవచ్చు. దుకాణం చిన్నదై, పిల్లలు తక్కువగా వస్తే, అందరినీ కలిపి ఆడించడమూ ఉంది.

ఆడడానికి ప్లేయర్ ఐడీ అనే సంఖ్య ఉండాలి. పోకెమాన్ అధికారిక వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే అది ఉచితంగా లభిస్తుంది. పిల్లలకు తల్లిదండ్రులే తమ ఖాతా ద్వారా తెరవాలి. మీ పిన్‌కోడ్‌కు, అంటే ఇక్కడి జిప్ కోడ్‌కు, దగ్గరలో ఏ దుకాణాలలో పోటీలు జరుగుతాయో అదే సైటులో చూడవచ్చు. అన్నిటికన్నా చిన్న పోటీని లీగ్ చాలెంజ్ అని, దానికి పై మెట్టును లీగ్ కప్ అని పిలుస్తారు. వాటికి పైన రీజినల్, ఇంటర్నేషనల్, చివరగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంటాయి. మీరు మాత్రం పోటీ అన్న పేరు లేకుండా వారానికోసారి జరిగే లీగ్ సాయంత్రాలతో మొదలుపెట్టండి. అక్కడ తప్పు చేస్తే ఎదుటివారే సరిదిద్దుతారు.

ఇండియా నుంచి తెచ్చుకున్న కార్డుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల పిల్లల మనసు బాగా నొచ్చుకుంటుంది. మా అబ్బాయి హైదరాబాదులో, కోఠిలోని ఒక దుకాణంలో కొన్న బంగారు రంగు కార్డుల పెట్టెను ఎంతో భద్రంగా విమానంలో తెచ్చుకున్నాడు. మన ఊళ్ళ స్టేషనరీ షాపులలో, బొమ్మల దుకాణాలలో అమ్మే అటువంటి మెరిసే కార్డులు చాలా మటుకు నకిలీవి; వాటిని ఏ పోటీలోనూ అనుమతించరు. అది దుకాణంలో పదిమంది ఎదుట తెలియడం కంటే ఇంట్లో మీ నోటి నుంచే తెలియడం మంచిది. అసలు కార్డులైనా భాష చూసుకోవాలి. అమెరికాలో అధికారిక పోటీలకు ఇంగ్లీషు కార్డులే చెల్లుతాయి. జపాన్‌లో ఉద్యోగం చేసి ఇక్కడికి మారిన మిత్రుడొకరు రెండు పెట్టెల జపనీస్ కార్డులను ఆల్బమ్‌కే పరిమితం చేసుకోవలసి వచ్చింది.

ఇంకొకటి, కార్డు ఎడమవైపు అడుగున ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. స్టాండర్డ్ పద్ధతిలో ఏ కార్డులు చెల్లుతాయో ఆ అక్షరమే చెబుతుంది. సుమారుగా ఏటా వసంతకాలంలో అన్నిటికన్నా పాత అక్షరాన్ని తీసివేస్తారు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం వెళ్ళిపోయి జి, హెచ్, ఐ మిగిలాయి. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఆ నాటికి చెల్లే అక్షరాలేవో అధికారిక సైటులో చూసి, వాటిలో కొత్తదానివైపే మొగ్గండి. ఫిబ్రవరిలో పాత అక్షరం కార్డులతో నిండిన డెక్‌ను చవకగా ఇస్తామంటే, అది ఎందుకు చవకో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక డెక్ ఎంపిక. డెక్‌లో సరిగ్గా 60 కార్డులుండాలి. దాడులకు శక్తినిచ్చే ప్రాథమిక ఎనర్జీ కార్డులు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. ఆట ఆరంభంలో ఏడు కార్డులు చేతికి తీసుకుని, ఆరు కార్డులను బోర్లించి ప్రైజులుగా పక్కన పెడతారు. ఎదుటివారి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా మీ ప్రైజు కార్డు తీసుకుంటారు. ఈఎక్స్ అన్న గుర్తున్న పెద్ద పోకెమాన్‌ను పడగొడితే సాధారణంగా రెండు. ఆరూ తీసుకున్నవారు గెలిచినట్లు. ఈ లెక్కలను చూస్తే డెక్ కూర్పులోని తర్కం అర్థమవుతుంది. ఒక కార్డును నాలుగు ప్రతులు పెట్టుకున్నా, అది మొదటి ఏడు కార్డులలో వచ్చే అవకాశం దాదాపు 40 శాతమే. ఒక్క ప్రతే పెట్టుకున్న కార్డు సగటున పది ఆటలలో ఒకసారి ప్రైజులలో చిక్కుకుపోతుంది. చేతిలో ఒక్క బేసిక్ పోకెమాన్ (నేరుగా బల్ల మీద పెట్టగలిగేది) కూడా లేకపోతే కార్డులు చూపించి, మళ్ళీ కలిపి తీసుకోవాలి, అలా జరిగినప్పుడల్లా ఎదుటివారు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. డెక్‌లో ఎనిమిది బేసిక్‌లే ఉంటే మూడు ఆటలలో ఒకసారి ఈ పరిస్థితి వస్తుంది. పన్నెండు ఉంటే అయిదు ఆటలలో ఒకసారికి తగ్గుతుంది. సొంతంగా డెక్ కూర్చాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది, అది మంచి ఉత్సాహమే. అయితే మొదట ఎవరో కూర్చిన జాబితాను ఉన్నదున్నట్లుగా ఆడి, ప్రతి కార్డు అన్ని ప్రతులు ఎందుకుందో తెలిసిన తరువాతే మార్పులు చేయాలని నా అభిప్రాయం.

రెండు డెక్‌లను పోల్చి చూపుతాను. రేజింగ్ బోల్ట్ ఈఎక్స్ బేసిక్ పోకెమాన్. పరిణామ దశలు అవసరం లేకుండా నేరుగా బల్ల మీదికి వస్తుంది. దాని ప్రధాన దాడి, మీ పోకెమాన్ల మీదున్న ప్రాథమిక ఎనర్జీలను ఎన్ని తీసి పారవేస్తే ఒక్కొక్క దానికి 70 చొప్పున దెబ్బ కొడుతుంది. ఎదుట 320 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తట్టుకునే బలం, ఉన్న పోకెమాన్ ఉందంటే నాలుగు ఎనర్జీలు చాలవు, 280 దగ్గరే ఆగుతుంది, అయిదు కావాలి. అంటే ప్రతి వంతులోనూ మీ ముందున్న ప్రశ్న ఎక్కువగా ఒక్కటే: అయిదో ఎనర్జీని ఎక్కడి నుంచి తేవాలి? ఇక డ్రాగాపల్ట్ ఈఎక్స్ రెండు పరిణామ దశలు దాటితేగాని రాదు. దాని దాడి ముందున్న పోకెమాన్‌కు 200 దెబ్బ కొట్టడంతోపాటు, వెనుక వరుసలో, అంటే బెంచ్ మీద ఉన్నవాటిపై ఆరు డ్యామేజ్ కౌంటర్లను (దెబ్బను లెక్కపెట్టే గుర్తులను) మనకు నచ్చినట్లు పంచడానికి వీలిస్తుంది. ఆ ఆరింటిని ఎక్కడ పెట్టాలన్నది రెండు వంతుల తరువాత ఏం జరుగుతుందో ఊహించి నిర్ణయించాలి. అది చాలా అందమైన డెక్, నేర్చుకున్నవారి చేతిలో చూడముచ్చటగా ఉంటుంది. కానీ కొత్తవారు ప్రతి దాడికీ రెండేసి నిమిషాలు ఆలోచిస్తూ కూర్చుంటారు. మూడు ఆటల మ్యాచ్‌కు 50 నిమిషాలే సమయం. గంట మోగిన తరువాత నడుస్తున్న వంతు పూర్తిచేసి మరి మూడు వంతులు మాత్రమే ఆడనిస్తారు. ఒక్కో ఆట గెలిచి మూడోది తేలకపోతే మూడు పాయింట్లు రావలసినచోట ఒక్క పాయింటుతో లేవాలి. ఈ పేర్లు ఏడాది రెండేళ్ళలో మారిపోవచ్చు. బేసిక్ పోకెమాన్లతో నడిచే డెక్‌కు, దశలు దాటవలసిన డెక్‌కు మధ్యనున్న తేడా మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

పెద్ద పోటీలో గెలిచిన డెక్‌ను వెంటనే కొనేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. 2024లో హొనలులులో జరిగిన ప్రపంచ పోటీలో మాస్టర్స్ విభాగాన్ని చిలీ దేశస్థుడు ఫెర్నాండో సిఫుఎంతెస్ ఐరన్ థార్న్స్ ఈఎక్స్ డెక్‌తో గెలిచాడు. ఆ పోకెమాన్ ముందు స్థానంలో ఉన్నంతసేపు, ఈఎక్స్ వంటి, కార్డు మీద ప్రత్యేక నియమం రాసిన పెట్టె ఉన్న పోకెమాన్ల ఎబిలిటీలు (దాడులు కాక వాటికుండే ప్రత్యేక శక్తులు) దాదాపుగా పనిచేయవు. ఆ రోజు అందరూ ఎబిలిటీల మీద ఆధారపడ్డ డెక్‌లే తెస్తారని అంచనా వేసి తెచ్చిన డెక్ అది. మీ ఊరి దుకాణానికి వచ్చే ఇరవై మంది ఏం ఆడతారో తెలియకుండా అదే జాబితాను కొంటే, కొన్నది కార్డులే గాని ఆ అంచనా కాదు. రెండు మూడు వారాలు ఊరికే వెళ్ళి కూర్చుని, మీ దుకాణంలో ఎవరు ఏం ఆడుతున్నారో గమనించండి.

ఖర్చు గురించి. బూస్టర్ ప్యాకెట్లు చింపుతూ డెక్ కూర్చాలనుకోకండి. కావలసిన కార్డు వస్తుందన్న హామీ వాటిలో లేదు. లీగ్ బ్యాటిల్ డెక్ పేరుతో 30, 35 డాలర్ల ధరలో వచ్చే పెట్టెలో ఆడదగిన డెక్ మొత్తం ఉంటుంది. దానికి అవసరమైన నాలుగైదు కార్డులను విడిగా కొనుక్కుంటే చాలు. అంతకుముందే పోకెమాన్ టీసీజీ లైవ్ అనే ఉచిత యాప్‌లో అనేక డెక్‌లను పైసా ఖర్చు లేకుండా ఆడి చూడవచ్చు. మేము ఏ డెక్‌నైనా యాప్‌లో ముప్పై ఆటలు ఆడిన తరువాతే కొంటాము. అయితే యాప్ నియమాలను తానే గుర్తుంచుకుంటుంది గనుక అక్కడే నేర్చుకున్నవారు బల్ల దగ్గర, వంతుకు ఒక్కటే ఆడనిచ్చే సపోర్టర్ రకం కార్డును ఒకే వంతులో రెండుసార్లు వాడబోతారు. ఇంట్లో నిజమైన కార్డులతో, గడియారం పెట్టుకుని సాధన చేయడం తప్పనిసరి.

పోటీ రోజున డెక్ జాబితా రాసి ఇవ్వాలి: ప్రతి పోకెమాన్‌కు పేరు, సెట్టు గుర్తు, కార్డు సంఖ్య, ఎన్ని ప్రతులు. ముందు రాత్రే కార్డులు ఒక్కొక్కటిగా బల్ల మీద పేర్చి జాబితాతో సరిచూసుకోండి. మా మొదటి లీగ్ కప్‌లో మా అబ్బాయి డెక్‌లో 59 కార్డులే ఉన్నాయి. అరవయ్యవది ఇంట్లో సాధన చేసిన బల్ల కింద పడి ఉంది. ఆ ఆట ఓడినట్లు ప్రకటించారు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా రెండో ఆటకు కార్డులు కలిపిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. స్లీవ్‌లు, అంటే కార్డుల తొడుగులు, ఒకే రంగువి, వెనుక నుంచి కార్డు కనిపించనివి, కొత్తవి వాడండి; ఒకదాని మూల నలిగినా గుర్తు పెట్టిన కార్డుగా లెక్కించే ప్రమాదం ఉంది.

మనవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైనది నోరు విప్పడం. చేసే ప్రతి పనినీ పైకి చెప్పాలి: ఏ కార్డు ఆడుతున్నారో, ఎనర్జీ దేనికి తగిలిస్తున్నారో, ఏ దాడి చేస్తున్నారో, వంతు ఎప్పుడు ముగిసిందో. మీ ఉచ్చారణ గురించి ఎవరూ పట్టించుకోరు. మౌనంగా కార్డులు కదిపితేనే ఇబ్బంది పడతారు. కార్డులు కలిపిన తరువాత కోయడానికి ఎదుటివారికి ఇవ్వాలి, ఇది మన పేకలోనూ ఉన్నదే. ఎదుటివారి చేతిలో ఎన్ని కార్డులున్నాయో అడగవచ్చు, వారు పారవేసిన కార్డుల దొంతర చూడవచ్చు. అది అనుమానించడం కాదు, ఆటలో భాగం.

జడ్జిని పిలవడానికి అసలే మొహమాటపడకండి. మన దగ్గర పెద్దవాళ్ళను పిలవడమంటే ఎదుటివారి మీద ఫిర్యాదు చేయడమే. ఇక్కడ చెయ్యెత్తి జడ్జి అని పిలిస్తే, ఈ కార్డు ఎలా పనిచేస్తుందో చెప్పమని అడిగినట్లు మాత్రమే. ఎదుట వయసులో పెద్దవారు ఉన్నారని, వారికి బాగా తెలిసి ఉంటుందని ఊరుకుని, తప్పు నియమంతో ఓడిపోయిన మన విద్యార్థులను నేను చాలామందిని చూశాను. ఆట నడుస్తుండగానే పిలవాలి. ఫలితం నమోదయిన తరువాత చెప్పినా లాభం ఉండదు. అలాగే ఫలితాన్ని నాణెం ఎగరేసి తేల్చుకోవడం, గెలుపు ఇస్తే బహుమతిలో వాటా ఇస్తాననడం, ఇవి పోటీ నుంచే తొలగించే తప్పులు.

విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఒక హెచ్చరిక. చిన్న పోటీలలో బహుమతిగా కార్డుల ప్యాకెట్లే ఇస్తారు గనుక చింత లేదు. పెద్ద పోటీలలో నగదు గెలిస్తే దానికి పన్ను వర్తిస్తుంది. కార్డులు కొని అమ్మడాన్ని వ్యాపారంగా నడిపితే వీసాకే ముప్పు రావచ్చు. ఏ పని మొదలుపెట్టే ముందైనా మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. పిల్లల తల్లిదండ్రులు మరొకటి గమనించాలి: రౌండ్ల మధ్య విరామంలో ఆల్బములు తెరుచుకుని కార్డుల మార్పిడి జరుగుతుంది. మీరు పక్కన లేకుండా ఎవరితోనూ మార్చుకోవద్దని పిల్లలకు ముందే చెప్పి, ధర తెలిసే వరకు ఏ కార్డూ చేయి మారనివ్వకండి.

మధ్యలో వెళ్ళిపోవలసి వస్తే నిర్వాహకుడికి చెప్పి పేరు తీయించుకోండి, లేకపోతే తరువాతి రౌండులో ఒకరు మీ కోసం ఖాళీ కుర్చీ ఎదుట కూర్చుంటారు. వీలైతే చివరి రౌండు దాకా ఉండండి. అన్నీ ఓడినవారితో ఆడే ఆ చివరి బల్ల దగ్గరే, ఆట అయ్యాక కార్డులు విప్పి పెట్టుకుని ఎక్కడ తప్పు జరిగిందో మాట్లాడుకోవడానికి తీరిక ఉంటుంది. మా అబ్బాయికి ఈ దేశంలో మొదటి స్నేహితుడు అటువంటి బల్ల దగ్గరే దొరికాడు. ఆ రోజు అక్కడ కూర్చునేటప్పటికి ఇద్దరిదీ ఒకటే స్కోరు, అయిదు ఓటములు.