బెంగళూరులో కాపురం, అనంతపురంలో ఓటు: మార్చుకోవడం ఇలా

2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది, బెంగళూరు నార్త్, సెంట్రల్, సౌత్‌లలో 55 కూడా రాలేదు. కళ్యాణదుర్గం, తాడిపత్రి వదిలి అక్కడే స్థిరపడినా ఓటు మార్చుకోనివాళ్లు మనలో బోలెడుమంది, ఇది నాకు నిజంగా బాధ.

ఫారం 6 వద్దు, అది కొత్త ఓటుకి. రాష్ట్రం మారినా ఫారం 8 చాలు. ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఓటరు కార్డు నంబరు కొట్టి, ఇల్లు మారినట్టు ఎంచుకుని, అడ్రస్ ప్రూఫ్ పెట్టండి. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంటే టెన్షన్ వద్దు, రిజిస్టర్ చేసిన అద్దె అగ్రిమెంటో, ఆ అడ్రస్ ఉన్న బ్యాంకు పాస్‌బుక్కో సరిపోతుంది. డౌటుంటే 1950కి ఫోన్ చేయండి. రెండుచోట్లా ఓటు ఉంచుకోవడం చట్టవిరుద్ధం.

నామినేషన్ల గడువు ముగిశాక జాబితా మారదు, కాబట్టి ఇప్పుడే చేయండి.