పాత చెక్క బీరువాకి రంగులేసే ముందు ఇవి చూసుకోండి

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బీరువా ఇంటికి రాగానే రంగు డబ్బా మూత తీయకండి. ముందు వరండాలోనే పెట్టి వెనక చెక్క, కాళ్ల అడుగు, సొరుగుల మూలలు టార్చి వేసి చూడండి. సన్నటి చిల్లులు, వాటి కింద పిండిలా రాలిన పొడి కనబడితే పురుగు ఇంకా లోపల తింటోందనే అనుకోవాలి, మట్టి చారలుంటే చెదలు. మందు కొట్టించకుండా బట్టలున్న గదిలోకి అస్సలు తేవద్దు.

పాత పెయింటు విషయంలో మాత్రం నిజంగా భయపడాలి. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం (లెడ్ అనే విషపు లోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, కాబట్టి అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చనే అనుకుని పని మొదలుపెట్టండి. పొడిగా గీకొద్దు. కొద్దిగా తడిపి వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) రుద్దండి, గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 పెట్టుకోండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. రాలిన మురికిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడిచెయ్యండి.

సన్‌మైకా ఉంటే మెరుపు పోయేదాకా రుద్ది, దానికి పట్టే ప్రైమర్ వేస్తేనే రంగు నిలుస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని వద్దు.

సామాన్లు ఎక్కువ పట్టాలని తలుపుల లోపల హుక్కులు, బుట్టలు బిగిస్తున్నారా? ముందు మడతబందుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. తలుపులు బరువెక్కితే బీరువా ముందుకి తూలే ప్రమాదం ఉంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే ఎల్ క్లాంపులతో గోడకి బిగించాకే సామాన్లు సర్దండి.