కాలువలు కట్టేసేలోపు బడిలో చూసుకోవలసిన నీటి జాగ్రత్తలు

దాళ్వా (రబీ వరి) కోతలు దగ్గరపడ్డాయంటే కాలువలు కట్టేసే రోజు కూడా దగ్గరపడినట్టే. తేదీ ఏటా కాస్త అటూ ఇటూ అవుతుంది గాని, మామూలుగా ఏప్రిల్‌లో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి డెల్టా కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ వదిలేది జూన్‌లోనే. ఈలోపు ఊరి మంచినీటి చెరువు నిండితే నిండినట్టు. లేకపోతే కాలువ తిరిగి పారేదాకా ట్యాంకరు కోసం వీధిలో బిందెలు వరస పెట్టుకోవడమే.

బడివాళ్ళం మాత్రం ఇదంతా పంచాయతీ సంగతి అనుకుని ఊరుకుంటాం. లెక్క వేసి చూడండి. ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలై ఏప్రిల్ చివరి వారం దాకా నడుస్తాయి. ఎండ ముదిరి, కాలువ అడుగంటి, పిల్లలు ఇంకా బడిలోనే ఉండే రోజులు కొన్ని తగులుతాయి. రెండో గండం జూన్‌లో బడి తెరిచే వారం. జాగ్రత్త పడాల్సింది ముఖ్యంగా ఈ రెండుసార్లు.

ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం శివారు ఊళ్ళో, అంటే కాలువ నీళ్ళు చివరగా చేరే ఊళ్ళో, పనిచేసేటప్పుడు ‘నీటిని వృథా చేయరాదు’ అని గోడల నిండా రాయించాను. కుళాయిల దగ్గర ఇద్దరు పిల్లల్ని కాపలా పెట్టాను. వారం తిరిగేసరికి ట్యాంకు రెండు రోజులు వచ్చేది మూడు రోజులు వచ్చింది. నా పాఠం పనిచేసిందని తెగ సంబరపడిపోయాను. ఆ తర్వాత ఒక ఎనిమిదో తరగతి పిల్ల ప్రార్థనలో నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆడపిల్లలు బడిలో నీళ్ళు తాగడమే మానేశారు. కాపలా కుర్రాళ్ళు ‘ఎందుకు పట్టుకుంటున్నావు, ఎన్నిసార్లు పట్టుకుంటావు’ అని అడుగుతుంటే సిగ్గట. తాగకపోతే మరుగుదొడ్డికి వెళ్ళే పని కూడా ఉండదు కదా టీచర్ అంది ఒక పిల్ల. నాకు నోట మాట రాలేదు.

అందుకని ఇప్పుడు ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే. తాగే నీళ్ళు, చేతులు కడుక్కునే నీళ్ళు, మరుగుదొడ్డి నీళ్ళు, ఈ మూడింటి మీద పొదుపు పాఠం చెప్పకండి. వీటిని తగ్గిస్తే ఆదా అయ్యేది నాలుగు బకెట్లు, వచ్చేది వడదెబ్బ, మూత్రంలో మంట, విరేచనాలు. కేరళలో 2019లో మొదలైన ‘వాటర్ బెల్’ పద్ధతి మన బడుల్లోకీ వచ్చింది. ఆ గంట కొట్టడంతో సరిపెట్టకుండా, కొట్టినప్పుడు టీచరు కూడా సీసా ఎత్తి తాగాలి. మనం తాగితేనే వాళ్ళు తాగుతారు. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలడం లేదని అర్థమని ఐదో తరగతి నుంచీ మొహమాటం లేకుండా చెప్పేయొచ్చు.

మరి పొదుపు ఎక్కడ నేర్పాలి? కారే చోట, ఒలికే చోట, పారబోసే చోట. దీనికి డెల్టా పిల్లలకి తెలిసిన మాట ఒకటుంది: వంతు. దాళ్వాలో నీళ్ళు చాలకపోతే వంతులవారీగా వదులుతారని, ఎగువన ఎవరైనా తూము పెద్దది చేస్తే శివారు చేలు బీటలు తీస్తాయని రైతు బిడ్డకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో రోజూ వినే గొడవే అది. మా బడిలో అన్నం గంటకి ముందు వెళ్ళేది ఒకటో తరగతి, చివర వెళ్ళేది పదో తరగతి. ఒకరోజు పదో తరగతివాళ్ళు కంచాలు పట్టుకుని వెళ్ళేసరికి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాలేదు. ‘ఆయ్, మనది శివారు ఆయకట్టండి’ అన్నాడొక కుర్రాడు. గోడ మీద నేను రాయించిన వాక్యాలన్నిటికన్నా ఆ మాటే పిల్లల నోళ్ళలో నిలిచింది. ఆ తర్వాత రెండు వారాలకోసారి క్లాసుల వరస తిరగేశాం. ఎగువవాళ్ళు శివారుకి వెళ్ళి చూస్తేనే గాని తెలియదు.

కారే కుళాయికి లెక్కల పీరియడ్ చాలు. పది నిమిషాలపాటు దాని కింద గ్లాసు పెట్టించండి. పట్టిన నీళ్ళు కొలిచి 144తో హెచ్చవేస్తే రోజు లెక్క వస్తుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండిందనుకోండి, రోజుకి దాదాపు 29 లీటర్లు. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. అంటే ఒక కుళాయి సగం మనిషి నీళ్ళు తాగేస్తోందన్నమాట. ఈ లెక్క పిల్లలచేతే చేయించి, వాళ్ళచేతే సర్పంచిగారికి ఉత్తరం రాయించండి. మనం పదిసార్లు అడిగినా రాని వాషరు పిల్లల ఉత్తరానికి వచ్చింది మాకు. చేతులు కడిగేటప్పుడు సబ్బు రుద్దే ఇరవై సెకన్లూ కుళాయి కట్టేయడం చిన్న పిల్లలకి ఆటలా నేర్పొచ్చు. ఇంటికి వెళ్ళేముందు సీసాల్లో మిగిలిన నీళ్ళు మట్టిలో ఒంపకుండా గుమ్మం దగ్గర బకెట్‌లో పోయిస్తే మొక్కలు బతుకుతాయి.

కాలువ కట్టేశాక చాలా బడుల్లో బోరు మీద పడతారు. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇది చూసుకుని చేయాలి. అక్కడ నేలలో పైన కొంత మంచినీళ్ళు ఉంటాయి, వాటి కింద ఉప్పునీళ్ళు. మోటారు అదే పనిగా వేస్తే పైవి అయిపోయి కిందివి ఎగదన్నుకొస్తాయి. అలా ఉప్పుబారిన బోరులో మళ్ళీ తియ్యటి నీళ్ళు రావడానికి చాలాకాలం పడుతుంది. కాబట్టి ఉదయం కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు నడిపి మధ్యలో విరామం ఇవ్వండి. ట్యాంకు నిండి పొర్లుతుంటే పరుగెత్తి వచ్చి చెప్పే బాధ్యత ఒక జట్టుకి అప్పగించండి. కాపలా పని కాదిది, కబురు పని.

తాగే నీళ్ళ కుండకి మూత, ముంచడానికి పొడుగు కాడ ఉన్న గరిటె తప్పనిసరి. చెయ్యి లోపల పెట్టకూడదు. చెరువు అడుగుకి వచ్చేసరికి నీళ్ళు చిక్కబడతాయి. పటిక తిప్పినా, మా అమ్మమ్మలా కుండ లోపల ఇండుపగింజ అరగదీసినా మడ్డి దిగుతుంది, నీళ్ళు తేరుకుంటాయి. కానీ క్రిములు చావవు. తేట నీళ్ళు, మంచినీళ్ళు ఒకటి కాదని పిల్లలకి చూపించాలి. కళపెళా మరగాలి, లేదా క్లోరిన్ పడాలి. పంచాయతీ నీటి మనిషి క్లోరిన్ పరీక్షకి వచ్చినప్పుడు క్లాసుని బయటికి తీసుకెళ్ళండి. మందు చుక్కలు వేయగానే నీళ్ళు పసుపు రంగు తిరుగుతాయి. లీటరుకి 0.2 మిల్లీగ్రామైనా మిగిలి ఉండాలి. పరీక్ష చేసిన నీళ్ళు మాత్రం పారబోయించండి, ఎవరూ తాగకూడదు. బ్లీచింగు పెద్దవాళ్ళే కలపాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో అది కలిస్తే విషవాయువు వస్తుంది, రెండూ ఒకే అరలో పెట్టొద్దు.

ఇంకో మాట. కట్టేసిన కాలువంటే ఎండిన కాలువ అనుకుంటారు. లాకుల దగ్గర, వంతెనల కింద మడుగులు మిగులుతాయి, పిల్లలు చేపలకి దిగుతారు. పూడిక తీసినచోట గోతులు పడి ఉంటాయి. పైన మోకాలి లోతు, రెండడుగులు వేస్తే బురదలో నిలువెత్తు. ఒక్కరే వెళ్ళొద్దు, ఎవరైనా మునిగితే వెనకే దూకొద్దు, కర్రో తాడో మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరమని సెలవులిచ్చే రోజున చెప్పి పంపండి. నీళ్ళు వదిలే రోజుల్లో ఇంకా జాగ్రత్త.

జూన్ గండం దగ్గరికి వద్దాం. మొదట వచ్చే కాలువ నీరు రెండు నెలల చెత్తనీ, గుర్రపుడెక్కనీ తోసుకుంటూ వస్తుంది. అది కొన్నాళ్ళు పారి తేరాకే చెరువులోకి మళ్ళించడం మా ఊళ్ళో పాత అలవాటు. అలాగే బడి ట్యాంకులో వేసవంతా నిలవున్న నీళ్ళు ఒక్క చుక్క కూడా వాడకూడదు. తెరవడానికి రెండు రోజుల ముందే మొత్తం వదిలేసి, తోమి, బ్లీచింగుతో కడిగి, కొత్త నీళ్ళు నింపి, ప్రతి కుళాయీ కాసేపు వదలాలి. ఒక ఏడాది మా ట్యాంకులో ఉడత చచ్చి తేలింది, మూత పగిలి ఉండడమే కారణం. ఏప్రిల్‌లోనే మూత చూసుకోండి. ట్యాంకు నిచ్చెన తాళంచెవి సెలవుల్లో ఎవరి దగ్గర ఉంటుందో ఆఫీసు గది తలుపు వెనక రాసి పెట్టండి. పోయిన జూన్‌లో మేం దానికోసమే ఒక పూటంతా ఊరు తిరిగాం.